అయిదు పౌండ్ల పిండి

ఎత్తి చూడండి, ఎత్తి చూస్తేగాని దీని సంగతి తెలియదు అంటాడు ఫైవిష్, ముప్ఫై ఏళ్ళుగా పదమూడో అవెన్యూలో గిన్నెలూ గరిటెలూ మిషన్లూ అమ్ముతున్న మనిషి, నా కుడి మణికట్టుకి కట్టు విప్పి వారమే అయిందని అతనికి తెలియదు, తెలియకుండా కోటు చెయ్యి వేళ్ళదాకా లాక్కున్నాను కదా, ఎలా తెలుస్తుంది. ఎడమ చెయ్యి పిండి కలిపే మిషన్ మెడ కింద పెట్టి ఎత్తబోయాను. కదలలేదు. ఇరవై ఆరు పౌండ్లట, ఇనుము, లోపల గేర్లు కూడా ఇనుమేనట, అయిదు పౌండ్ల మైదా వేసినా మూలగదట. బాగుంది, బరువుగానే ఉంది అన్నాను, ఎత్తి దించినదానిలాగే. ఫైవిష్ పక్కనున్న చిన్నదాన్ని నా ముందుకు జరిపాడు, రెండు వేళ్ళతో జరిపాడు, అది చాలు నాకు అర్థం కావడానికి. ఇది తేలిక, మిసెస్ జెల్సర్, మీ ఇంట్లో ఇప్పుడు మీరిద్దరే కదా, రెండున్నర పౌండ్లు హాయిగా కలుపుతుంది అన్నాడు. రెండున్నర పౌండ్లు. ఆ మాట ఎవరికి చెబుతున్నాడు. నేను రబ్బీ గారి ఫోన్ కోసం చూస్తున్నాను, వచ్చాక చెబుతాను అని అక్కడున్న ఓ అట్టపెట్టె మీద కూర్చున్నాను. ఇలాంటి ధర్మసందేహాలు తీర్చేది ఆయనే, గంటలోపు చేస్తారని ఆయన భార్య చెప్పింది. పన్నెండున్నర అయింది. రేపు గురువారం, రేపు పిండి కలపాలి.

రెండున్నర పౌండ్ల పిండి కలిపితే రొట్టె అవుతుంది, కాదనను. శుక్రవారం రాత్రి బల్ల మీద పెట్టే హల్లా అవుతుందా అంటే అవుతుంది, జడ అల్లితే అల్లినట్టే ఉంటుంది, గుడ్డు పూస్తే మెరుస్తుంది, కానీ దీవెన రాదు. అయిదు పౌండ్లు కలిపితేనే అందులోంచి దేవుడి వాటాగా నిమ్మకాయంత ముద్ద తుంచి, పైకెత్తి పట్టుకుని దీవెన చదవడం, అంతకంటే తక్కువైతే నోరు మూసుకుని పని చేసుకోవడమే. ఇది మా అమ్మ పెట్టిన లెక్క కాదు, మా అమ్మమ్మ పెట్టిందీ కాదు, ధర్మశాస్త్రం పెట్టింది, కానీ మా అమ్మ ఆ లెక్క మీద మరో లెక్క పెట్టింది, సంచి మీద అయిదు అని రాసి ఉంటే నమ్మకు, జల్లెడ తన వాటా తాను తీసుకుంటుంది, ఒక కప్పు ఎక్కువే పొయ్యి అని. కొత్తగా పెళ్ళయిన పిల్లలు చేసే తప్పు అదే, సంచి బోర్లించి జల్లించి కలిపేసి దీవెన చదివేస్తారు, జల్లెట్లో మిగిలిపోయిన రెండు చెంచాల సంగతి ఎవరికీ పట్టదు. నేను చేయలేదు ఆ తప్పు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క గురువారం చేయలేదు. చెప్పుకుంటే గొప్ప అనుకుంటారుగానీ గొప్పే మరి, ఎందుకు కాదు.

ఆ ముద్ద చేతిలో ఉన్నప్పుడు పేర్లు చెబుతాను. పదకొండు పేర్లు. ఎవరి కోసం అడుగుతున్నామో వాళ్ళ పేరూ వాళ్ళ అమ్మ పేరూ చెప్పాలి, తండ్రి పేరు కాదు, ఎందుకంటే కడుపు చించుకుని కన్నదెవరో పైవాడికి గుర్తు చేయాలి కదా. ఆన్షెల్ మా ఆయన, ఇట్టా కొడుకు. నా పిల్లలు నలుగురూ హెన్యా పిల్లలు, అక్కడ నా పేరు నాలుగు సార్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా నాకు కొంచెం గర్వం. మనవలు. తొమ్మిదో పేరు బ్లూమా, షేవా కూతురు, మా అబ్బాయి లిపా భార్య, మా ఇంటి మీద అంతస్తులో ఉంటుంది. మాటల్లేని వారాల్లో కూడా ఆ పేరు వదల్లేదు, మాటలు వేరు, పేరు వేరు. ఇప్పటికి అయిదు గురువారాలుగా ఆ పదకొండు పేర్లూ నా నోట్లోనే ఉండిపోయాయి.

మంచు. అంతా ఆ మంచే. గుమ్మం మెట్ల మీద ఉప్పు చల్లమని ఆన్షెల్‌కి చెప్పాను, చల్లాడు కూడా, మూడు మెట్లకి చల్లి నాలుగోది వదిలేశాడు, జారిపడడానికి నేను నాలుగోదే ఎంచుకున్నాను. డాక్టర్ ఎముక బొమ్మ చూపించి అతుక్కుంటుందండీ, కానీ ఇక బరువు ఎత్తకూడదు, పిండి పిసకడం మర్చిపోండి అన్నాడు, మర్చిపోండట, గొడుగు మర్చిపోయినట్టు. నాకు పిండి చేత్తో తప్ప తెలియదు. నీళ్ళు ఎన్నని అడిగితే చెప్పలేను, చేతికి అంటినంతసేపు మైదా, వదిలేసినప్పుడు చాలు. మా అమ్మ విలియమ్స్‌బర్గ్‌లో నాలుగో అంతస్తు వంటింట్లో జింకు తొట్టిలో కలిపేది, తొట్టి నేల మీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని, బాత్‌రూమ్ పక్కింటివాళ్ళతో పంచుకునే ఇల్లుగానీ పిండి మాత్రం ఎవరితోనూ పంచుకోలేదు. అక్కడ చేరి నేను చూసేదాన్ని. చక్కెర ఒక్క చెంచా, ఈస్ట్ లేవడానికి, అంతే. ఉప్పు తగలాలి. పైచెక్కు ముదురు గోధుమరంగు రావాలి. ఆ రుచి ఆమెతో పోకుండా ఈ చేతుల్లోకి వచ్చింది, నా చెల్లెళ్ళిద్దరూ బేకరీలో కొనుక్కుంటారు, నేను కొనను, ఈ అయిదు వారాలూ కూడా కొనలేదు. ఎడమ చేత్తో రెండు పౌండ్లు కలిపాను. జడ వంకరగా వచ్చింది. ఆన్షెల్ తిని అద్భుతం అన్నాడు, ముప్ఫై నాలుగేళ్ళలో అంతకుముందు ఎప్పుడూ ఆ మాట అననివాడు, అప్పుడే తెలిసింది ఎంత చెడిపోయిందో.

కట్టు వేసిన మొదటి వారమే బ్లూమా మెట్లు దిగి వచ్చింది. అత్తయ్యా, నేను కలుపుతాను, రెండిళ్ళకీ కలిపి అయిదు పౌండ్లూ నేనే కలుపుతాను, మీరు కూర్చుని చెప్పండి చాలు అంది. చెబితే వచ్చేది కాదమ్మా ఇది అన్నాను. ఆ పిల్ల తల ఊపి పైకి వెళ్ళింది, కాసేపటికి పైన మూతలు గట్టిగా పడ్డాయి, అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఆంట్‌వెర్ప్ నుంచి కాపురానికి వచ్చిన పిల్లలకి కూడా వచ్చునన్నమాట అనుకుని నవ్వుకున్నాను. నవ్వుకున్నాను నిజమే, తరవాత నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఎందుకు వద్దన్నానో నాకు తెలియదా. ఆ పిల్ల కలిపితే పిండి ఆ పిల్లది, దీవెన ఆ పిల్లది, పేర్లు ఆ పిల్ల చెబుతుంది, నేను కుర్చీలో కూర్చుని ఆమేన్ అనాలి. ఇంకోటి కూడా ఉంది. చక్కెర.

పెళ్ళయిన మొదటి శుక్రవారం. నాలుగేళ్ళయింది. తెల్లటి గుడ్డ కప్పి రెండు హల్లాలు పట్టుకుని దిగింది, దీపాలు వెలిగించేశాం అప్పటికే, మగవాళ్ళు ప్రార్థన నుంచి వచ్చేశారు. గుడ్డ తీస్తే బంగారు రంగు, నువ్వులు, ఆరు పాయల జడ, చిన్న పిల్ల అలా అల్లగలదని నేను అనుకోలేదు. పిండి తీశావా అని అడిగాను, ఊరికే, అలవాటుగా. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. మర్చిపోయింది. అయిదు పౌండ్లు కలిపి, ముద్ద తీయడం మర్చిపోయింది, షబ్బత్ వచ్చేసింది, రేపు చీకటి పడేదాకా ఏ పనీ ముట్టకూడదు, ఇప్పుడు తీయకూడదు. కళ్ళలో నీళ్ళు. అప్పుడు నేనే చెప్పాను, ఏం కాదు, మనం ఉన్నది ఈ దేశంలో, పవిత్రభూమిలో కాదు, తినొచ్చు, ఒక ముక్క మాత్రం మిగిల్చి రేపు రాత్రి దాంట్లోంచి తియ్యి, మా అమ్మకి కూడా ఒకసారి ఇలాగే అయింది అని. మా అమ్మకి ఎప్పుడూ కాలేదు. ఆ పిల్ల కోసం మా అమ్మ మీద అబద్ధం చెప్పాను, అంతకంటే ఏం చేస్తాను. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను, తియ్యగా ఉంది, తేనె, చక్కెర, వెనిల్లా కూడా వేసిందేమో, బల్ల చుట్టూ పన్నెండు మంది ఉన్నారు, నేను అన్నాను, ఇది హల్లానా, ఎవరిదైనా పుట్టినరోజా అని. అందరూ నవ్వారు. బ్లూమా కూడా నవ్వింది. ఆ తరవాత ఒక్కటి కూడా కిందికి పంపలేదు. ప్రతి శుక్రవారం నేను రెండు పైకి పంపిస్తాను, థాంక్స్ అత్తయ్యా అని తీసుకుంటుంది. గెలిచాననుకున్నాను. కానీ గురువారం సాయంత్రం మెట్ల మీద తేనె వాసన వస్తుంది, నాలుగేళ్ళుగా వస్తోంది, చిన్నగా, ఒకటో రెండో చేసుకుంటుంది పాపం తన కోసం, నాకు జలుబు చేసినట్టు ఆ వాసన దాటుకుని పోతాను.

ఫైవిష్ ఏదో అడుగుతున్నాడు. జల్లెడ కూడా కావాలన్నారు కదా, ఇదిగో కరెంటుది, మీట నొక్కితే దానంతటదే ఊగుతుంది అంటాడు. కన్నం చూపించు అన్నాను. కరెంటు సంగతి తరవాత, కన్నం ఎంతో చూడాలి. వెలుతురుకి ఎత్తి పట్టాను, ఫైవిష్ ముఖం అందులోంచి స్పష్టంగా కనబడింది. ఇందులోంచి నువ్వు కనబడుతున్నావు, పురుగు కూడా నిన్ను చూసుకుంటూ వెళ్ళిపోతుంది అన్నాను. పక్కన గిన్నెలు చూస్తున్న ఆవిడ పకపకా నవ్వింది. మరొకటి తెచ్చాడు, చుట్టూ చెక్క ఉన్నది, గుండ్రటిది, లోపల వల పట్టుబట్టంత సన్నంగా ఉంది, ఎత్తి చూస్తే మసక తప్ప ఏమీ లేదు. ఇది జల్లెడ. దీన్ని ఎడమ చేత్తో పట్టుకుని కుడి అరచేతి అంచుతో తట్టొచ్చు, మణికట్టు తిరగక్కర్లేదు, నిదానంగా అవుతుంది, కానీ నాకేం తొందర. జల్లించడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు, ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, ఆగస్టులో సంచి తెరిస్తే వాసనకే చెబుతాను ఇందులో పురుగులున్నాయని. తెల్ల కాగితం మీద పోసి, మూడు క్షణాలు ఊపిరి బిగబట్టి చూస్తే మైదా రేణువు కదలదు, పురుగు కదులుతుంది. ఒకసారి మైదా అమ్మిన దుకాణం వాళ్ళతో పోట్లాడి అరలోని సంచులన్నీ తీయించాను. కళ్ళకింకా ఏమీ కాలేదు. ఈ జల్లెడ కట్టు అన్నాను.

మిగిలింది మిషన్. పెద్దది కొంటే కలుపుతుంది, ఎవరు కాదన్నారు, కానీ కలిపాక తొమ్మిది పౌండ్ల ముద్ద, ఉక్కు గిన్నె, రెండు చేతులూ పెట్టి ఎత్తి బల్ల మీద బోర్లించాలి. ఆన్షెల్ నేను ఎత్తుతానంటాడు, అతను ఇల్లు చేరేది ఎనిమిదింటికి, పిండి ఎవరి కోసమూ ఆగదు, పొంగి కిందపడుతుంది. చిన్నది ఎత్తగలను, దానికి దీవెన లేదు. అందుకే కదా రాత్రంతా ఆలోచించి ఈ ఉపాయం పట్టాను. చిన్న మిషన్లు రెండు. ఒకటి నాకు, ఒకటి బ్లూమాకి. తన సగం తను కలుపుతుంది, నా సగం నేను కలుపుతాను, రెండు ముద్దలూ ఒకే తొట్టిలో ఒకదానికొకటి ఆనేలా పెట్టి ఒకే గుడ్డ కప్పితే అది ఒక్క పిండి కింద లెక్క, అలా కలపొచ్చని పెళ్ళికి ముందే నేర్చుకున్నాం అందరం. దీవెన నేను చదువుతాను, పెద్దదాన్ని కదా. తరవాత ఎవరి ముద్ద వాళ్ళు తీసుకుపోతారు. ఎవరికీ ఎవరూ రుణం లేదు, నా రొట్టె నాది, దాని కేకు దానిది. ఇంత తెలివి నాకే ఎలా వచ్చిందా అని తెల్లారాక కూడా మురిసిపోయాను, కానీ దీవెన విషయం కనక అడిగి చేయడం మంచిదని ఫోన్ చేశాను. ఇప్పుడు కోటు జేబులో ఫోన్ మోగింది.

"చెప్పండి మిసెస్ జెల్సర్, మీ ప్రశ్న మా ఇంటావిడ చెప్పింది. రెండు పిండులూ ఒకే మనిషివా, ఇద్దరివా?" అన్నారు రబ్బీ గారు.

"ఇద్దరివండీ. నాదీ, మా కోడలిదీ."

"అయితే ఒక్కటి చెప్పండి. ఆమె ముద్దలోంచి పిడికెడు వచ్చి మీ ముద్దకి అంటుకుపోయిందనుకోండి. పోనీలే అంటారా, గిల్లి పారేస్తారా?"

ఇదెక్కడి ప్రశ్న. మైదా మైదాయే కదా, పోనీలే అంటానని చెబితే అయిపోయేది, ఇంకో మాట అడిగేవారు కాదు, ఫైవిష్ రెండు పెట్టెలు కట్టేవాడు. దుకాణంలో అంతమంది, నాకు మాత్రం నా వంటిల్లు కనబడుతోంది, నా ముద్ద, తెల్లగా, గట్టిగా, ఉప్పగా, దానికి ఓ పక్క తేనె కలిసిన పసుపు పచ్చ పిండి అంటుకుని ఉంది. నా వేళ్ళు అట్టపెట్టె అంచుని గిల్లుతున్నాయి. అబద్ధం చెప్పి దీవెన చదివితే అది దీవెనా. మా అమ్మ మీద అబద్ధం ఆడినప్పుడు ఓ పిల్ల ఏడుపు ఆగింది, ఇప్పుడు ఆడితే ఎవరి ఏడుపు ఆగుతుంది.

"గిల్లి పారేస్తానండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నిజం చెప్పారు, మంచిది. ఇద్దరాడవాళ్ళ పిండి, పట్టింపు ఉంటే, ఒకే తొట్టిలో పెట్టినా కలవదు. రెండూ రెండే. ఆమెకి కూడా పట్టింపేనా?"

"తెలియదండీ. అడగలేదు."

"నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నారు కదా," అన్నారు, అంతే అన్నారు, వేరే ఎవరో ఎదురుచూస్తున్నారని పెట్టేశారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుసుగానీ ఒక తొట్టిలో రెండు ముద్దలు కూడా ఇమడవని ఇవాళ తెలిసింది. అడగలేదు. నిజమే, ఏం అడిగాను ఆ పిల్లని, పిండి తీశావా అని అడిగాను, పుట్టినరోజా అని అడిగాను. అడిగితే ఏమంటుంది, నాకేం పట్టింపు లేదు అత్తయ్యా అంటుంది, మెత్తటి పిల్ల, తల ఊపే పిల్ల, నా రొట్టె రెండు చేతులా అందుకునే పిల్ల. అలా అంటే పని అయిపోతుంది కూడా, తను వదులుకుంటే సగం దారి వచ్చినట్టే, మిగతా సగం నేను ఎలాగో మనసు చంపుకుంటాను. ఎడమ బొటనవేలితో నంబర్ నొక్కాను. మూడోసారి మోగాక ఎత్తింది, వెనక కుళాయి శబ్దం వస్తోంది. రబ్బీ గారు అడిగింది అడిగినట్టు అడిగాను, నా పిండి పిడికెడు వచ్చి నీ పిండికి అంటుకుంటే ఏం చేస్తావు అని. కుళాయి ఆగింది.

"నిజం చెప్పమంటారా అత్తయ్యా?"

"నిజమే చెప్పాలి. దీవెన విషయం."

"తీసేస్తాను," అంది బ్లూమా. మళ్ళీ తనే, "మీది మంచిది కాదని కాదు. నాది మా అమ్మ చేసినట్టు రావాలి. మీ ఉప్పు తగిలితే రాదు."

కోపం రావాలి నాకు. ఎదురు చూశాను కూడా, వస్తుందేమోనని. రాలేదు. గర్వం వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో. ఇంతకాలం పైన ఉన్నది ఓ మెత్తటి పిల్ల అనుకున్నాను, కాదు, పైన ఉన్నది ఒక ఇంటావిడ, తన పిండి తనకి ఉన్న మనిషి, దాన్ని పుట్టినరోజని పన్నెండు మంది నవ్వినా వదిలిపెట్టని మనిషి, నాలుగేళ్ళు తలుపు వేసుకుని కాల్చుకుంది. మా లిపా ఎంచుకుంది ఇలాంటి పిల్లనా. నా ముగ్గురు కూతుళ్ళలో ఒక్కరికి లేదు ఇంత పట్టుదల, ముగ్గురూ బేకరీలో కొంటారు.

"బ్లూమా, విను," అన్నాను. "పెద్ద మిషన్ ఉంది ఇక్కడ. అయిదు పౌండ్లు పడుతుంది. ఎత్తడం నావల్ల కాదు. నీ వంటింట్లో పెడదాం. ఒక వారం పిండి అంతా నీది, ఒక వారం పిండి అంతా నాది. కలపక్కర్లేదు, గిల్లక్కర్లేదు. ఎవరి వారం వాళ్ళ దీవెన. నా వారం నేను మెట్లెక్కి వస్తాను, ముద్ద నువ్వు ఎత్తి పెట్టాలి."

"మరి జల్లించడం?"

"జల్లించడం ఎప్పుడూ నాదే. అది ఇవ్వను."

"అందులో మీతో ఎవరు పెట్టుకుంటారు అత్తయ్యా," అంది, నవ్వుతోందని తెలుస్తోంది. "కొత్త గిన్నె వాడేముందు శుద్ధి గుండంలో ముంచి తేవాలి కదా, లిపాని పంపిస్తాను సాయంత్రం. ముందు ఎవరి వారం? మీదే కానివ్వండి, అయిదు వారాలైంది మీకు."

అయిదు వారాలని లెక్క పెట్టిందన్నమాట. నా నోట్లో పదకొండు పేర్లు కదిలాయి, ఆన్షెల్ ఇట్టా కొడుకు, అక్కడినుంచి వరసగా. ముందు నాదే అంటే ఎవరు తప్పుపడతారు. "ముందు నీది," అన్నాను.

"చక్కెర కొంచెం తగ్గిస్తాను," అంది మెల్లగా.

"తగ్గించకు. మీ అమ్మ ఎంత వేస్తే అంత వెయ్యి. శుక్రవారం నా బల్ల మీద అదే పెడతాను, నాది ఉండదు. బాగాలేకపోతే మాత్రం చెబుతాను."

"తెలుసు."

"బాగుంటే కూడా చెబుతాను."

"అది కూడా చూద్దాం అత్తయ్యా," అంది నా కోడలు.

ఫోన్ మూసి లేచాను. కోటు చెయ్యి పైకి జరిగి మణికట్టు మీద ఎర్రటి గీత కనబడుతోంది, కనబడనీ. ఫైవిష్, ఈ పెద్దది కట్టు, నేను దీన్ని ఎత్తలేను, మా కోడలు ఎత్తుతుంది అన్నాను, దుకాణంలో అందరికీ వినబడేలాగే అన్నాను. జల్లెడ ఎడమ చంకలో పెట్టుకున్నాను. మిషన్ ఇంటికి పంపడానికి అతను చీటీ మీద మా పేరు, మా వీధి, మొదటి అంతస్తు అని రాసేశాడు అప్పటికే, ఏళ్ళుగా తెలిసిన ఇల్లు కదా. మొదటి అన్నది కొట్టేసి రెండో అంతస్తు అని వెయ్యమన్నాను.